హెలెన్ టీచర్ ముట్టని కంప్యూటర్లు

ప్రొద్దుటూరులో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా హెలెన్ టీచర్ వస్తుంది, బాగయ్యేదాకా కదలదు, కానీ దాన్ని ముట్టుకోదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కుర్చీ పక్కన నిలబడుతుంది. మౌస్ పట్టడానికి ఆ ఇంట్లోంచి ఒకరిని తనే ఎంచుకుంటుంది. తిక్కంతా ఆ ఎంచుకోవడంలోనే ఉంది. ఇంజనీరింగ్ చదివిన కొడుకు ముందుకొస్తే "నువ్వు పక్కకు జరుగు నాయనా" అంటుంది. కంప్యూటర్ ఉన్న గదిలో మధ్యాహ్నం కునుకు తీయడం తప్ప దానితో ఏ సంబంధమూ లేని మనిషిని లేపి కూర్చోబెడుతుంది.

ఇక్బాల్ ఇంట్లో వాళ్లమ్మ ఖమర్‌బీని పట్టుకుంది. "నాకు కండ్లు అగపడవు టీచరమ్మా" అని ఖమర్‌బీ మొత్తుకుంది. "కండ్లు నావి ఉండాయి. వేళ్లు నీవైతే చాలు" అంది టీచర్.

జమ్మలమడుగులో సొంత అన్న పాలయ్య ఇంట్లోనూ అంతే. "కుడిపక్క నొక్కు పాలన్నా" అంటే ఆయన కుర్చీతో సహా కుడిపక్కకు జరిగి నొక్కాడు. "మనిషి కాదు, వేలు" అంది చెల్లెలు. పని పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. ఎకరం చేను దున్నినవాడిలా పాలయ్య చెమట తుడుచుకుంటూ లేచి, ఏడాది పొడుగునా ఆ సంగతే చెప్పుకున్నాడు.

పులివెందులలో ఒక పెళ్లింట్లో ఫోటోలు చూపించే ల్యాప్‌టాప్ ఆగిపోతే టీచర్ వంటమనిషిని పిలిపించి, చేతులు కడిగించి మరీ కూర్చోబెట్టిందంటారు. అది అబద్ధమే కావచ్చు. కానీ నమ్మనివాళ్లు లేరు.

అలాంటి హెలెన్ టీచర్ సోమవారం పొద్దున్నే తమ ఇంటికి వస్తోందని తెలిసి శకుంతలమ్మకు గుండెల్లో రాయి పడింది.

శకుంతలమ్మ భర్త రామకృష్ణయ్యది బట్టలంగడి. ఇల్లు అంగడి వెనకాలే. కోడలు మంజుశ్రీకి బెంగుళూరు కంపెనీలో, ఇంట్లో కూర్చునే చేసే లెక్కల ఉద్యోగానికి అవకాశం ఒకటి తగిలింది. సోమవారం పదకొండుకు కంప్యూటర్‌లోనే ముఖాముఖి ఇంటర్వ్యూ. అది విని శకుంతలమ్మ ఊరుకోలేదు. "మన అంగట్లో మనిషి లేక మీ మామ అల్లాడతాంటే, బెంగుళూరోళ్ల లెక్కలు చూస్తావా?" అని నలుగురిలోనే అనేసింది.

అన్నాక మనసొప్పలేదు. శుక్రవారం అంగట్లో మూరబద్దకూ కత్తెరకూ గల్లాపెట్టెకూ తుడిచి గంధం, కుంకుమ పెట్టడం ఆమెకు అలవాటు. ఆ శుక్రవారం, పిల్లకు మంచి జరగనీ అనుకుని, ఎవరూ చూడకుండా కంప్యూటర్‌కు కూడా పెట్టింది. తెర మీద పెడితే కోడలు విసుక్కుంటుందని వెనకాల గోరంత ముక్క ఒకటి కనిపిస్తే దాన్ని పీకి, తడిగుడ్డతో తుడిచి, బొట్టుపెట్టి, పట్టిన కంతలో మళ్లీ దూర్చింది.

ఆ ముక్కే గాల్లోంచి వైఫైని అందుకునేదని ఆమెకేం తెలుసు? అప్పటి నుంచి కంప్యూటర్‌లో నెట్ లేదు.

"అత్తా, కంప్యూటర్‌ను ఎవరన్నా కదిలిచ్చినారా?" అని మంజుశ్రీ అడిగినప్పుడు "నాకేం తెలుసు" అని నోరు జారింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. ఉద్యోగం వద్దన్న నోటితో బొట్టుపెట్టానంటే ఎవరు నమ్ముతారు? అత్త కావాలనే చెడగొట్టిందంటారు. కోడలు ఆ మాట పైకి అనకపోయినా, చచ్చేదాకా మనసులో అనుకుంటుంది.

సోమవారం వచ్చీ రాగానే టీచర్ గొడుగు మూలకు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏం పోయింది మంజూ?"

"వైఫై గుర్తే లేదు టీచర్. ఫోన్లకు బాగానే వస్తాంది, కానీ ఇంటర్వ్యూ కంప్యూటర్‌లోనే ఇయ్యాలంట. ఫోన్ నెట్ దీనికి కలిపి మాట్లాడదామంటే ఈ సందులో సిగ్నల్ ఆగి ఆగి వస్తాది, మాట ముక్కలైపోతాది."

టీచర్ బల్ల వెనక్కిపోయి వంగింది. కాసేపు అలాగే చూసింది. లేచి మామనూ కోడలినీ దాటి, తలుపు పరదా చాటున ఉన్న మనిషి దగ్గర చూపు ఆపింది.

"శకుంతలక్కా, నువ్వు రా."

"నేనా! పొయ్యి మీద పాలుండాయి."

"మంజు చూసుకుంటాది. పో మంజూ, పాలు చూసి టీ పెట్టు. అట్నే మంచి చీర కట్టుకో."

రామకృష్ణయ్య పగలబడి నవ్వాడు. "టీచరమ్మా, ఈమె టీవీ రిమోటే తిరగేసి పట్టుకుంటాది!"

"నువ్వు పోయి అంగడి తెరువన్నా. గిరాకీ వచ్చి నిలబడింటారు."

గదిలో ఇద్దరే మిగిలారు.

"వెనకాల చిన్న ముక్క ఉంటాది, పీకక్కా."

శకుంతలమ్మ చేయి వెతుక్కోకుండా నేరుగా దాని మీదికే పోయింది. పోయాక నాలుక కరుచుకుంది. ముక్క అరచేతిలోకి వచ్చింది, దాని మొహం నిండా కుంకుమ ఎర్రగా.

"దుమ్ము పట్టింది. కొంగుతో తుడువు."

"దుమ్మా?"

"మా చిలమకూరు సిమెంటు దుమ్ము. గాలికి ఈడిదాకా వస్తాది."

సిమెంటు దుమ్ము ఏ రంగులో ఉంటుందో శకుంతలమ్మకు తెలుసు. సిమెంటు ఫ్యాక్టరీ పక్కన పుట్టి పెరిగిన టీచర్‌కు ఇంకా బాగా తెలుసు. టీచర్ మాత్రం గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదువుతోంది. శకుంతలమ్మ గబగబా తుడిచేసింది.

ముక్కను పై కంతలో పెట్టించింది టీచర్. తెర మీద పరికరాల పేర్ల వరస తెరిపించింది. వైఫై ముక్క పేరు పక్కన పసుప్పచ్చ త్రికోణం కనిపించింది.

"ఇదీ సంగతి. డ్రైవర్ చెడింది."

"అదెవరు?"

"ఈ ముక్కకూ కంప్యూటర్‌కూ మధ్య మాట మోసేది. అది లేకుంటే రెండూ ఒకే ఇంట్లో ఉన్నా పలకరిచ్చుకోవు."

"అత్తాకోడండ్ల మాదిరి" అంది శకుంతలమ్మ. అనేసి తలొంచుకుంది.

"పాతది తీసెయ్యక్కా."

"తీసేదా? ఉన్నది కూడా పోతే?"

"పోవాల. చెడింది కుర్చీ వదిలితేనే మంచిది వచ్చి కూర్చుంటాది. రెండుసార్లు నొక్కు. అట్ల కాదు, వడ తట్టినట్టు కాదు. తలుపు తట్టినట్టు, టకటక."

కొత్త డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి. శకుంతలమ్మ చేతే ఫోన్‌కు వైరు తగిలించి, కంప్యూటర్‌కు కలిపించింది టీచర్. మాటలకు చాలని ఆ నెట్ ఇంత చిన్న పనికి సరిపోయింది, నత్తలాగా పాకినా. పచ్చగీత సగంలో ఆగినప్పుడల్లా శకుంతలమ్మ ఊపిరి కూడా ఆగింది. గడియారం పదిన్నర దాటింది.

"ఇప్పుడు ఆపి, మళ్లీ వెయ్."

తెర నల్లబడింది. శకుంతలమ్మ కళ్లు మూసుకుంది. టీ తెచ్చిన మంజుశ్రీ కేకతో మళ్లీ తెరిచింది.

"వచ్చింది! వైఫై వచ్చింది! ఏమైంటాది టీచర్ దానికి?"

శకుంతలమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మీ, అది... నేను..."

"డ్రైవర్ చెడింది" అంది టీచర్. "అప్పుడప్పుడు అట్ల అవుతాది. మీ అత్త బాగుచేసింది. నేను ముట్టుకోలే."

"నువ్వా అత్తా?" మంజుశ్రీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు నాకోసం కంప్యూటర్ ముందర కూర్చుంటివా!"

టీచర్ వెళ్లేటప్పుడు శకుంతలమ్మ గేటుదాకా వెంట వెళ్లింది. అడగకుండా ఉండలేకపోయింది.

"టీచరమ్మా, ఆ పొద్దు ఖమర్‌బీ ఏం చేసింది?"

"బాగుచేసింది."

"మీ అన్న?"

"ఆయనా బాగుచేసినాడు."

"పులివెందుల వంటాయన నిజమేనా?"

టీచర్ గొడుగు విప్పుతూ మొదటిసారి నవ్వింది. "శానా బాగా చేసినాడక్కా. ల్యాప్‌టాప్‌కు సాంబారు వాసనే పోలేదు."

ల్యాప్‌టాప్‌కు సాంబారు ఎట్లా అంటిందో శకుంతలమ్మకు అప్పుడు తట్టింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "కోడలికి నేనే చెప్తాలే, టీచరమ్మా."

"ఇంటర్వ్యూ కానీ. అప్పుడైతే ఇద్దరూ నవ్వుకుంటారు."

పదకొండయింది. లోపల తలుపేసుకుని మంజుశ్రీ ఇంగ్లీషులో మాట్లాడుతోంది. శకుంతలమ్మ వీధి మెట్టు మీద కూర్చుంది. ఇంతలో ఉల్లిగడ్డల ఆటో మైకులో అరుచుకుంటూ సందులోకి తిరిగింది. ఆమె లేచి అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా, ఆపు ఆ మైకు! లోపల మా కోడలు ఉద్యోగం మాట్లాడతాంది."

"నేను దినామూ ఇదే టైముకు వస్తా గదమ్మా."

"ఆమె కూడా ఇంక దినామూ మాట్లాడతాది. ఈ సందులో మైకు కట్టేసి పో."

"అంటే ఉద్యోగం వచ్చేసిందా?"

"వస్తాది" అంది శకుంతలమ్మ. "నువ్వు ముందు ఆపు."