గజపతినగరంలో మాట పడిపోయిన కంప్యూటర్

2023 జూన్. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మేడమీద నా ఆఫీసు. రైసు మిల్లులకూ నర్సింగ్ హోములకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి పొట్ట పోసుకుంటాను. అది కాక జీతం లేని పని ఒకటుండేది. చూపు లేనివాళ్లు కంప్యూటర్ వాడాలంటే స్క్రీన్ రీడర్ కావాలి. తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. అలాంటి ఓపెన్ సోర్స్ స్క్రీన్ రీడర్ ఒకదానికి తెలుగు గొంతు తయారుచేసిన వాళ్లలో నేనొకదాన్ని. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా దిద్దవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. వినడానికి సత్రం భోజనంలా ఉంటుంది. అయితే ఏ మార్పును లోపలికి రానివ్వాలో తేల్చే పెద్దలు కొందరుంటారు. వాళ్లను మెయింటైనర్లంటారు. మా ప్రాజెక్టుకు అలాంటి పెద్దలు ఇద్దరు. చెరో దేశంలో ఉంటారు, ఇద్దరినీ నేను ముఖాముఖి చూడలేదు.

సింహాచలం మాస్టారిది కోటబొమ్మాళి. గజపతినగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. చిన్నప్పుడే చూపు పోయింది. మా తెలుగు గొంతును ఆయన తిట్టినంతగా ఎవరూ తిట్టలేదు. “అమ్మా, నీ గొంతు తేదీలన్నీ టెలిఫోన్ నంబర్లలాగ సదువుతంది” అని ఫోన్ చేసి మరీ దులిపేవారు. ఆయన తిట్టినవన్నీ దిద్దుకుంటూ పోతేనే అది మనిషి గొంతులా తయారైంది.

ఆ జూన్‌లో కాలేజీ తెరిచిన రోజే ఆయన ఫోన్.

“అమ్మా, నా కంప్యూటర్‌కి మాట పడిపోనాది. ఇంగిలీసైతే గడగడా సదువుతంది. తెలుగు కాడికొచ్చీసరికి నోరు మూసీసుకుంటంది. ఏటైనాది?”

మర్నాడే బస్సెక్కి వెళ్లాను. వేసవి సెలవుల్లో విశాఖలోని హెడ్ ఆఫీసు వాళ్లు కంప్యూటర్లన్నీ మార్చి, స్క్రీన్ రీడర్ కొత్త వెర్షన్ వేసి పంపారు. అందులో తెలుగు లేదు. పాతది మళ్లీ వేస్తే ఆ కొత్త మిషన్ల మీద నిలబడలేదు.

ప్రిన్సిపాల్ మంచివాడే. ఇబ్బందిగానే చెప్పాడు. “మాస్టారి పాఠానికి పేరెట్టక్కర్లేదు మేడమ్. కానీ ప్రశ్నపత్రం టైపు సెయ్యాల, మార్కులెక్కించాల. అన్నీ ఈ కంప్యూటర్లోనే. క్వార్టర్లీ పరీక్షల్లోపల అవ్వకపోతే హెడ్ ఆఫీసు ఇంకో లెక్చరర్ని పంపిస్తామంటన్నాది.”

అంటే ఆయన ఉద్యోగం నా చేతిలో పడ్డట్టే. అక్కడే స్టాఫ్ రూములో కూర్చుని తెలుగు ఎందుకు పోయిందో తవ్వి, దొరికిందల్లా మాస్టారికి చదివి వినిపించాను.

మా స్క్రీన్ రీడర్ పాత కోడ్ సి భాషలో ఉండేది. దాన్ని కొత్త భాషలో తిరగరాయాలన్నారు. ఒక పెద్దాయన రస్ట్ అన్నాడు, రెండో పెద్దాయన గో అన్నాడు. రెండూ మంచి ప్రోగ్రామింగ్ భాషలే, నాకు ఏ భాష మీదా పగ లేదు. మా వృత్తిలో ఎప్పుడూ ఏదో ఒక కొత్త భాష పుడుతూనే ఉంటుంది, దాని వెనక జనం కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తిరుగుతూనే ఉంటారు. ఇక్కడి తగువు మాత్రం కుర్చీ కోసం. ఎవరి భాష నెగ్గితే ప్రాజెక్టు కమిటీలో వాళ్ల మనుషులు కూర్చుంటారు. ఆ మాట పైకి అనరు. భద్రత అంటారు, వేగం అంటారు, విలువలంటారు.

ముందు రస్ట్ నెగ్గింది. అన్ని భాషల గొంతులూ తిరగరాయడం కష్టం కాబట్టి, “వాడేవాళ్లుంటే చెప్పండి, లేనివి తీసేస్తాం” అని చాట్ రూములో అడిగారట. తెలుగు తరఫున ఎవరూ పలకలేదు. తీసేశారు. నాలాంటి పాతవాళ్లం మెయిలింగ్ లిస్టులో ఉండేవాళ్లం, అంటే ఉత్తరప్రత్యుత్తరాలన్నీ మెయిల్లోనే. తగువు ముదిరాక పెద్దలిద్దరూ వాళ్ల మనుషులూ చాట్ రూముకు తరలిపోయారు. మాకు ఒక్క ముక్క రాయలేదు.

నేను చదివింది విని మాస్టారు, “ఏదమ్మా, ఓపాలి నన్నెల్లనీ ఆ గదిలోకి” అని తన కంప్యూటర్లో చాట్ రూము తెరిచారు. స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో చదవడం మొదలెట్టింది. బటన్. బటన్. పేరు లేని బటన్. బటన్. ఆ గది కట్టినవాళ్లు బటన్లకు పైకి చదవగల పేర్లు రాయనేలేదు, ఎటు జరిపినా అదే పాట. ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసేశారు.

“ఇదేటమ్మా? గుడ్డోళ్ల కోసమని సెప్పి, గుడ్డోడు రాలేని సోట మీటింగెట్టినారు.”

ఆ రాత్రే ఘాటుగా మెయిల్ రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కనుక ఎవరూ వాడటం లేదనుకున్నాం, ఇది ఓపెన్ సోర్స్ కదా, మీరే రస్ట్‌లో రాసి తెండి అని. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కంచం లాగేసుకుని, ఆకలైతే అరవాల్సింది అనే అమ్మను అప్పుడే చూశాను.

సరే, పట్టుబట్టి రస్ట్ నేర్చుకుని రాశాను. పగలు మిల్లుల బిల్లులు, ఆ తర్వాత ఈ పని. రాసింది తిన్నగా మాస్టారికిచ్చేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. సరిపోదు. గుర్తింపు ముద్ర లేని సాఫ్ట్‌వేర్‌ను కాలేజీ కంప్యూటర్లు దొంగసరుకులా చూసి ఆపేస్తాయి. ఆ ముద్ర వేసేది ప్రాజెక్టు పెద్దలే. అందుకని పుల్ రిక్వెస్ట్ పెట్టాను. నా మార్పు కలుపుకోండి అని పెట్టుకునే అర్జీ అది.

రస్ట్ వర్గం వాళ్లు కోడ్ కన్నా ముందు ఇంకోటి అడిగారు. రెండో పెద్దాయన్ని తప్పించాలని ఒక ప్రకటన రాశారు, దానికింద నా పేరు పెట్టాలట. నాకు ఒళ్లు మండింది. మాస్టారికి ఫోన్ చేశాను.

ఆయన నవ్వారు. “ఎట్టీ అమ్మా. మా ఈదిలో కుళాయి కోసరం రెండు పార్టీల జెండాలూ కట్టినాం. నీలు ఏ జెండాకొచ్చినా నీలే కదేటి?”

పెట్టాను. ఆ తర్వాత నా కోడ్‌లో పేర్ల పొందిక బాగాలేదని వాళ్లలో వాళ్లు వాదించుకోవడం మొదలెట్టారు. గొంతు పలుకుతోందా లేదా అని ఒక్కడూ విని చూడలేదు. ఈలోగా ప్రాజెక్టు ఫోర్క్ అయింది. అంటే అన్నదమ్ములు వేరుపడ్డట్టు, ఒకే కోడ్‌తో రెండు కాపురాలు. పాత పేరూ, వెబ్‌సైటూ, ఆ ముద్రా గో వర్గానికి పోయాయి. వాళ్లు నా అర్జీని ఒక్క ముక్కతో మూసేశారు, వేరే భాషలో ఉందని. కింద ఇంకొకాయన, “ఈవిడ వాళ్ల ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషి” అని గుర్తుచేశాడు. ఆబోతుల కొట్లాటలో లేగదూడ నలగడం వినేవాళ్లం, ఇక్కడ నలిగింది నలభై ఏళ్ల సంసారి, మాస్టారు.

క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి, వెళ్లాయి. ప్రశ్నపత్రం ఇంకెవరో టైపు చేశారు. దసరా సెలవులకు ముందు మాస్టారు ఫోన్ చేసి, కోటబొమ్మాళి వెళ్లిపోతున్నానని చెప్పారు.

“పిల్లలేమన్నారు మాస్టారూ?”

“ఏటంటారమ్మా. సిపాయిల తిరుగుబాటు సగంలో ఒగ్గీసినాను. మిగతాది కొత్తాయన సెప్తాడంట.”

మరుసటి ఏడు గో వర్గం తెలుగును మళ్లీ చేర్చింది. నేను రస్ట్‌లో రాసినదాన్నే ఎవరో గోలోకి మార్చారు. ఏ భాషనూ, ఏ మనిషినీ వదిలిపెట్టని సమాజం మాది అని ప్రకటనలో రాసుకున్నారు. కృతజ్ఞతల్లో నా పేరూ ఉంది. సిగ్గు లేకుండా ఆ వార్త మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను.

“మంచిదమ్మా,” అన్నారాయన. “మరిప్పుడు నాను దాంతో ఏటి సదవాల?”

ఆరోగ్యం ఎలా ఉందని ఏదో అడిగి పెట్టేశాను.

ఇప్పుడు నా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న బటన్ తీయాలన్నా, మిల్లు మిల్లుకూ వెళ్లి, అది నొక్కే మనిషిని పట్టుకుని అడుగుతాను. టైం వేస్టని మా కుర్రాళ్లు విసుక్కుంటారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు అన్న మాట ఎవరి నోట విన్నా, చేయాల్సినవాడు మీ దగ్గరికి రాగలిగాడా అని అడిగి తగువుకు దిగుతాను. దానివల్ల ఈ వృత్తిలో నాకు స్నేహితులు తగ్గారు. నా కోపం మాత్రం తగ్గలేదు, తగ్గించుకోవాలని నేనూ అనుకోవడం లేదు.