పెట్టెకి తలంటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెట్టె అనే మాటకి ఒకటే అర్థం, ఒకటే వాసన. కలిదిండికి అవతల, వానాకాలంలో కొల్లేటి నీళ్లు గడపదాకా వచ్చి యోగక్షేమాలు అడిగిపోయే ఊరు మాది. అప్పట్లో అది కృష్ణా జిల్లాలో ఉండేది. ఈమధ్య ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండా ఏలూరు జిల్లాకి వెళ్లిపోయింది. నాన్న చేపల చెరువుల దగ్గర పనిచేసేవారు. పట్టిన చేపల్ని ఐసు వేసి సర్దే చెక్కపెట్టెల్లో వంతుకి ఒకటి రోజూ సాయంత్రం ఆయన సైకిలు వెనక కూర్చుని మా ఇంటికి వచ్చేది. ఆ వాసన పట్టుకుని పది ఊళ్ల పిల్లులు మా పెరట్లో కాపురాలు పెట్టి, పిల్లల పెళ్లిళ్లు కూడా అక్కడే చేశాయి. దాన్ని కడిగి ఎండలో పెట్టడం నా పని. నాన్న రోజూ చెప్పేవారు, నేను రోజూ విననట్టే ఉండేదాన్ని.

నాకు పదేళ్లు వచ్చిన ఏడు, ఒక వారంపాటు మా ఇంట్లోకి రెండో పెట్టె వచ్చింది. అది పక్కింటి అక్కది. అక్క వాళ్ల నాన్నగారు మా చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేస్తూ చనిపోయారు. పోతూ ఆయన కూతురికి వదిలివెళ్లిన ఆస్తి ఆ హార్మోనియం ఒక్కటే. మా ఊళ్లో ఎవరూ దాన్ని హార్మోనియం అనేవారు కాదు. అంత పొడుగు మాట పలికే తీరిక ఎవరికీ లేదు. పెట్టె అనేవారు. ఆదివారం అక్క పెట్టె వాయిస్తుంటే, కానుకల వేళ ఎప్పుడూ నిద్రపోయే పెద్దమనుషులు కూడా మేలుకుని పట్టుబడిపోయేవారు.

మిగతా ఆరు రోజులూ అక్క, వాళ్ల అమ్మ చేపలు సర్దే షెడ్డులో కూలికి వెళ్లేవారు. పొద్దస్తమానం ఐసులో నానిన వేళ్లు సాయంత్రానికి వంగేవి కావు. పొయ్యి దగ్గర కాచుకుంటే తప్ప హార్మోనియం మెట్లమీద కదిలేవి కావు. ఇంకో రెండేళ్లు ఆ షెడ్డులో ఉంటే ఈ చేతులు చేపలకే తప్ప పాటకి పనికిరావని అక్క మా అమ్మతో అనడం నేను విన్నాను. అందుకే ఏలూరులో ఒక బడివాళ్లు, చిన్నపిల్లలకి పాటలు నేర్పే మనిషి కావాలి, సోమవారం సొంత పెట్టెతో వచ్చి వాయించి చూపించమని కబురు చేస్తే, అక్క ఆ వారమంతా నేలమీద నడవలేదు.

అలాంటి వారంలో ఆ పెట్టె మా ఇంట్లో ఎందుకుందంటే, నా మూలంగానే. మా బడి వార్షికోత్సవంలో పాట పాడటానికి నన్ను ఎంపిక చేశారు. నా గొంతు చూసి కాదు, పాడగలిగిన పిల్లలందరికీ ఒకేసారి గవదబిళ్లలు వచ్చాయి. నా పాటకి శ్రుతిగా పెట్టె కావాలని నాన్న వెళ్లి మొహమాటపడుతూ అడిగితే అక్క వెంటనే ఇచ్చేసింది.

“తీసుకెళ్లండి బాబాయిగారూ. శనివారం సాయంత్రానికి ఇచ్చేస్తే చాలండి. సోమవారం నాకు దాంతోనే పని.”

శుక్రవారం వార్షికోత్సవం అయిపోయింది. నా పాటకి జనం చప్పట్లు కొట్టారు, అయిపోయినందుకు. సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. పెట్టె లోపల పాడేది గాలేనని అక్క చెప్పిన మాట నా బుర్రలో పురుగులా తిరుగుతోంది. గాలి పాడటం ఏమిటి? అదేమిటో చూడాలని, వెనకాల ముడతలు ముడతలుగా ఉండే తిత్తిలో జడపిన్ను గుచ్చాను. ఒక్కసారి గుచ్చితే ఏమీ కనబడలేదు. అందుకని అటూ ఇటూ తిప్పి గుచ్చాను. మెట్టు నొక్కి చూద్దునుగదా, అంతకుముందు కోయిలలా పలికిన పెట్టె, మా మామ్మ ఆయాసం వచ్చినప్పుడు లాగినట్టు లాగింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి గనక, అందరూ నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశారు.

శనివారం పొద్దున నాన్న సైకిలు ఎక్కుతూ, “పెట్టె కడిగి ఎండలో పెట్టమ్మా” అన్నారు.

రోజూ అనే మాటే. ఆరోజు మాత్రం నా రెండు చెవులూ నిక్కబొడుచుకున్నాయి. ఏ పెట్టె అని ఆయన చెప్పలేదు. ఏ పెట్టె అని నేను అడగలేదు. చేపల పెట్టె పెరట్లో కంపుకొడుతూ నావైపే చూస్తోంది. దానికి వీపు తిప్పుకుని ఇంట్లోకి వెళ్లాను.

తరవాత చేసినదాన్ని కడగడం అనకూడదు. పండగనాడు పిల్లలకి కూడా అంత శ్రద్ధగా తలంటు పొయ్యరు. కుంకుడుకాయలు కొట్టి రసం తీశాను. కొబ్బరిపీచుతో మెట్టు మెట్టునా రుద్దాను. నూతిలోంచి పన్నెండు చేదలు తోడి పోశాను. తిత్తి మడతల్లో నీళ్లు నింపి గలగలలాడించి మరీ పారబోశాను. చిల్లు ఉన్నచోట అట్ట నాని తెల్లగా ఊడివచ్చాక గానీ నా మనసు కుదుటపడలేదు. అప్పుడు ఎండుచేపలు ఆరబెట్టిన తాటాకు చాపమీద బోర్లించి, పక్కన కూర్చుని కాకుల్ని తోలాను.

మామ్మ నిద్ర లేచి వచ్చి చూసింది. నేను రాత్రంతా కాకపోయినా పొద్దున్నుంచీ వల్లెవేసుకున్న మాట అప్పజెప్పాను. “నాన్నే పెట్టె కడగమన్నారు మామ్మా.”

మామ్మ ముందు నెత్తి కొట్టుకుంది, తరవాత నవ్వింది. ఆవిడ నవ్వుతూ గోడమీంచి చెప్పింది, గోడ అవతలివాళ్లు నవ్వుతూ వీధిలోకి చెప్పారు. పెట్టంటే పెట్టే అనుకుంది పాపం పిచ్చితల్లి అని ఊరు ఊరంతా కడుపు పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా ఆ కబురు రైసుమిల్లు దాటి, రేవు దాటి, దోనెలెక్కి లంకల్లోకి కూడా వెళ్లింది. నా పాటకి రాని పేరు నా తెలివితక్కువతనానికి వచ్చింది.

అక్క షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చింది. చేతులకి పొలుసులు అలాగే ఉన్నాయి. ఒక మెట్టు నొక్కింది. పాట బదులు నీళ్లు కారాయి. నాకు భయంతో నిజమైన ఏడుపే వచ్చింది. అప్పుడు నావైపు తిరిగి, మొహం ఎలాగో కూడదీసుకుని, “ఊరుకోవే. తలంటావు సరే, సాంబ్రాణి పొగ వేశావా లేదా? జలుబు చెయ్యదూ దీనికి?” అని నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆ నవ్వు నవ్వడానికి తనకి ఎంత బలం కావలసి వచ్చిందో పదేళ్లదానికి ఏం తెలుస్తుంది.

నాన్న వచ్చి, తలవంచుకుని అక్క ముందు నిలబడ్డారు. “తప్పు నాదమ్మా. ఏ పెట్టో చెప్పవలసింది నేను” అన్నారు. బట్టలైనా మార్చుకోకుండా పెట్టెని దుప్పట్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. కైకలూరులో బస్సు మారి ఏలూరు చేరేదాకా, పురిటిబిడ్డని తీసుకెళుతున్నట్టు ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు.

కాలువ పక్క సందులో హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన పెట్టె విప్పి, లోపల గాలికి పలికే ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటే బయటికి తీశారు. ఎండకి చెక్క బీట తీసింది, జిగురు ఊడిపోయింది, నీళ్లకి ఇత్తడి నల్లబడింది. పదిరోజుల పని, ఎంత తొందరపెట్టినా అంతకుముందు కాదు అన్నారు. తరవాత తిత్తి ఎత్తి వెలుతురులో పెట్టి చూశారు.

“ఏవండీ, ఇవన్నీ నీళ్లు చేసిన పని. ఈ చిల్లు మాత్రం నీళ్లు చేసింది కాదండి. ఎవరో సూదిలాంటిది పెట్టి కెలికారు. నిన్ననే తెచ్చుంటే పైన తోలుముక్క అంటించి ఇచ్చేవాణ్ణి. అరగంట పని.”

నాన్న నావైపు చూడలేదు. పెట్టె అక్కడ అప్పగించి, బస్టాండుదాకా నడిచి, బల్లమీద కూర్చున్నాక మాత్రం మెల్లిగా అడిగారు.

“పొద్దున నేనన్న మాట వెనకాల దాక్కున్నావా అమ్మా?”

నేను తలూపాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. “తప్పు నాదని ఆ అమ్మాయికి నేను అబద్ధం చెప్పి వచ్చానన్నమాట” అని తనలో తాను గొణుక్కున్నారు. దిగాక నువ్వే వెళ్లి చెప్పు, నేను నీ వెనకాల ఉంటాను గానీ ముందుండను అన్నారు. దారి పొడుగునా ఆ బస్సు పంక్చరవాలని నేను చేసిన ప్రార్థనలు మా చర్చివాళ్లందరూ ఏడాదిపాటు చేసినవాటికన్నా ఎక్కువే. చక్రాలన్నీ నిక్షేపంగా తిరిగాయి.

అక్క గుమ్మం ముందు పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటోంది. పిన్ను దగ్గర మొదలుపెట్టి కుంకుడు రసందాకా అంతా చెప్పాను. అరగంట పని అన్న మాట కూడా చెప్పాను. దాచుకుందామనుకున్నాను గానీ, వెనకాల నాన్న నిలబడి ఉన్నారు. అక్క చేతులు కాచుకోవడం ఆపేసింది.

“నువ్వు ఏడుస్తున్నావని మధ్యాహ్నం నేను నవ్వాను చూడు. అదొక్కటీ నాకు వాపసు ఇచ్చెయ్యవే” అంది.

ఎలా ఇవ్వాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

సోమవారం అక్క ఉత్త చేతులతో ఏలూరు వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. సొంత పెట్టె ఉన్న ఇంకొకావిడ దొరికిందట. పదిరోజుల తరవాత నాన్న హార్మోనియం తెచ్చి అక్క ఇంట్లో పెట్టి, తన చేత్తో ప్రతి మెట్టూ నొక్కి చూపించారు. అన్నీ పలికాయి. అక్క మర్నాడు మళ్లీ షెడ్డుకి వెళ్లింది. అలా ఎన్నేళ్లు వెళ్లిందో నేను లెక్కపెట్టలేదు. ఒక ఆదివారం మాత్రం పాట మధ్యలో ఆగిపోయి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తరవాత పెట్టె ముందుకి వేరే అమ్మాయి వచ్చింది. మేము బాగుచేయించగలిగింది పెట్టెనే.

జరిగింది అక్క ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నాన్న చెప్పబోతే కూడా, చిన్నపిల్ల, వదిలెయ్యండి బాబాయిగారూ అంది. అందుకని ఊరికి నేను పెట్టెకి తలంటిన అమాయకురాలిగానే మిగిలిపోయాను. ఆ పేరుమీదే సరదా మనిషినని ముద్రపడి, పెద్దయ్యాక నలుగురినీ నవ్వించే రాతలు రాసుకుంటూ బతుకుతున్నాను. పుట్టినరోజులకి వెళ్లినా, జ్ఞాపకార్థ కూటాలకి వెళ్లినా ఆ కథ చెప్పవే అని చుట్టూ చేరతారు. చాలా ఏళ్లు కాకుల్ని తోలేదాకా చెప్పి ఆపేసేదాన్ని. అందరూ పడిపడి నవ్వేవారు. ఒకసారి ఒక పెళ్లిలో అలాగే చెప్పి, నవ్వుల మధ్యలో తలెత్తి చూద్దునుగదా, చివరి వరసలో అక్క కూర్చుని ఉంది. మర్యాదకి తనూ నవ్వుతోంది. నా మూలంగా తను అలా నవ్వవలసి రావడం అది రెండోసారి.

అప్పటినుంచీ కథ చివరిదాకా చెబుతున్నాను. ఏలూరు పెద్దాయన అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ నవ్వు ఆపేస్తారు. సగంలో ఆపితే బాగుండేది కదండీ అని ఒకరిద్దరు అన్నారు కూడా. నాకు వచ్చిన విద్య నవ్వించడం ఒక్కటే. ఈ కథని మాత్రం అందరి నవ్వూ ఆగేదాకా చెబుతాను.