ఫాల్ కుట్టే సోదరి కోసం ప్రార్థన

షెకీనాకు భర్త మీద కోపం ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు ఆమె ప్రాణం తీస్తున్నది సలహాలిచ్చేవాళ్లు.

రాంగోపాల్‌పేట్‌లో బాలమ్మ చీరల దుకాణం ముందు మిషను వేసుకుని ఫాల్, పికో కుడుతుంది షెకీనా. భర్త నతానియేల్‌కు స్టేషన్ దగ్గర ఆన్‌లైన్ సెంటర్ ఉంది. చర్చిలో అందరికంటే ముందు మోకరించేవాడూ ఇంట్లో చెయ్యి చేసుకునేవాడూ ఒకడే అంటే నమ్మేవాళ్లు తక్కువ. అతని కంప్యూటర్‌లో ఆమె వాట్సాప్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆమె ఎవరికేం రాసినా, ఆమెకెవరేం రాసినా రాత్రి అన్నం కలుపుకుంటూ పొల్లుపోకుండా అప్పజెబుతాడు. ఆమె ఫోన్ ఎక్కడుందో చూపించే చుక్క అతని ఫోన్‌లో ఉంటుంది.

సంగతి తెలిసిన ఒకరిద్దరు తలా ఒకటి చెప్పారు. పాస్‌వర్డ్ మార్చమన్నారు. మార్చింది. ఆ వారమంతా ఎండల్లో పొడుగు చేతుల జాకెట్లు వేసుకుని మిషను తొక్కింది. బ్లాక్ చెయ్యమన్నారు, ఆ ఫోన్ ఏ నాలాలోనో పారెయ్యమన్నారు. ఉన్నట్టుండి ఏది మారినా అతను పసిగడతాడు, దెబ్బలు నాకు పడతాయి, మీక్కాదు అని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పి పుట్టింది.

చివరికి తన దారి తానే చూసుకుంది. పద్మారావు నగర్‌లో మేనత్త విజయమ్మ ఒక్కతే ఉంటుంది. జాకెట్ కొలతల నెపంతో ఆమె ఇంటికి వెళ్లి, తన ఫోన్‌ను ముందుగదిలో వదిలేసి, వంటింట్లో అత్త ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్‌తో మాట్లాడింది. గురువారం వస్తే ఉండటానికి చోటు చూస్తామన్నారు. ఆధార్ కార్డూ పదో తరగతి సర్టిఫికెటూ అప్పటికే అత్త బియ్యం డబ్బాలో ఉన్నాయి. ఈ మాట ఏ ఫోన్‌లోకీ ఎక్కకూడదని మరీ మరీ చెప్పింది. విజయమ్మ నోటిమీద వేలేసుకుని మరీ తలూపింది.

మంగళవారం పొద్దున షెకీనా చీర అంచు మడుస్తుండగా ఫోన్ మోగింది. చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూప్. దానికి విజయమ్మే పెద్ద. ఎవరికే కష్టమొచ్చినా ‘ప్రార్థన అంశం’ అని అందులో పెట్టడం వాళ్ల ఆనవాయితీ.

“రాంగోపాల్‌పేట్‌లో చీరలకు ఫాల్ కుట్టు ఒక సహోదరి ఈ గురువారం భర్త హింస నుండి బయలుదేరుచున్నది. ఆమె క్షేమము కొరకు అందరూ భారముతో ప్రార్థించగలరు.”

కింద ఒకదాని వెంట ఒకటి ఆమెన్‌లు పడుతున్నాయి. ప్రతి ఆమెనూ అటు ఆన్‌లైన్ సెంటర్‌లోనూ పడుతోంది. పొద్దున అక్కడ గిరాకీ ఎక్కువ. నతానియేల్ తీరిగ్గా ఇవన్నీ చదివేది భోజనం వేళ. అత్తకు చెప్పి చెరిపిద్దామంటే చెరిపిన గుర్తు మిగులుతుంది, అది ఇంకా ముప్పు. గురువారం దాకా ఆగే వీలు లేదు.

ఫోన్‌ను రోజూ పెట్టేచోటే ఛార్జింగ్‌కు పెట్టి, సగం మడిచిన చీర దానిమీద కప్పింది. చాయ్ తాగొస్తానని బాలమ్మతో చెప్పి ఆటో ఎక్కింది.

తలుపు తీసిన విజయమ్మ ముఖంలో ఇంకా ప్రార్థన పెట్టిన సంతోషమే ఉంది.

“అత్తా, నీకేం చెప్పిన నేను?”

“పేరు పెట్టలే కదనే. ఒక సహోదరి అన్న, గంతే.”

“ఆ గ్రూప్‌ల ఫాల్ కుట్టేటోళ్లు ఎంతమంది ఉన్నరు?”

విజయమ్మ నిజంగానే లెక్కపెట్టబోయింది. మొదటి వేలు దగ్గరే ఆగిపోయింది.

“నలుగురు మోకరిస్తే బలముంటదని చేసిన బిడ్డా,” అంటూ కళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే మోకాళ్ల మీదికి దిగబోయింది.

“ఆటోల చేద్దాం ప్రార్థన. ముందు ఆ డబ్బా తియ్యి.”

అత్త ఫోన్ నుంచే హెల్ప్‌లైన్‌కు మళ్లీ చేసి, ఇప్పుడే వస్తున్నానంది. రమ్మని, ఎక్కడికి రావాలో చెప్పారు. అతను ముందుగా వెతికేది ఈ ఇల్లే కాబట్టి అత్తనూ వెంటబెట్టుకుంది.

ఆటో కదిలాక అత్త ఫోన్ మోగింది, గ్రూప్‌లోంచే. ఆ సహోదరి ఎవరో, పేరు చెబితే ఉపవాసముండి ప్రార్థిస్తామని ఎవరో అడిగారు. విజయమ్మ కళ్లజోడు సర్దుకుని టైపు చెయ్యబోతుంటే షెకీనా ఫోన్ లాక్కుంది. ఆ చేతిలోనే అది మళ్లీ మోగింది. తెర మీద నతానియేల్ పేరు. ముందు తనకే చేసి ఉంటాడు. రాంగోపాల్‌పేట్‌లో ఆ చీర కింద మోగి మోగి ఆగి ఉంటుంది. ఇదీ మోగి ఆగింది. షెకీనా దాన్ని స్విచాఫ్ చేసింది.

హెల్ప్‌లైన్ వాళ్లు రమ్మన్న కేంద్రంలో మేడమ్ షెకీనా వివరాలు రాసుకుని, లోపల గది సిద్ధం చేయిస్తాననీ, విజయమ్మను కొన్నాళ్లు చెల్లెలింట్లో ఉండమనీ చెప్పి వెళ్లింది. బెంచీ మీద విజయమ్మ మెల్లగా దగ్గరికి జరిగింది.

“క్షేమంగ చేరిందని ఒక్క స్తోత్రం సుత పెట్టొద్దానే గ్రూప్‌ల?”

“దేవునికి ఆ గ్రూప్ అక్కర్లేదత్తా. దాన్ల ఉన్నది నతానియేల్.”

విజయమ్మ మళ్లీ నోటిమీద వేలేసుకుంది. అయినా నమ్మకం చాలక, మేడమ్ వచ్చి పేరు పిలిచేదాకా ఆ ఫోన్‌ను కొంగులోనే గట్టిగా పట్టుకుని కూర్చుంది షెకీనా.