రజియా అక్క రంగులరాట్నం బందరు దాటి అవనిగడ్డ వెళ్ళిన కథ

నిన్న పొద్దున గుడివాడలో మా చెల్లి వాళ్ళింటికి బయలుదేరాను. బస్సు పెడన దాటగానే ఫోన్ మోగింది.

నస్రీన్. రజియా అక్క కూతురు.

"పిన్నీ, అమ్మ చనిపోయింది."

"సరే, వస్తున్నా" అన్నాను. ఏదో సరుకు తెమ్మంటే అన్నట్టు.

బస్సు దిగి రోడ్డు మీద నిలబడ్డాకే తెలిసింది, ఆ పిల్ల నాకేం చెప్పిందో.

అక్క డ్యూటీకి వెళ్ళడానికి రెడీ అయ్యి, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూర్చుండిపోయిందట. హార్ట్ ఎటాక్. సాయంత్రం నమాజ్ తర్వాత ఖననం కూడా అయిపోయింది.

చిలకలపూడిలో మావి పక్కపక్క ఇళ్ళు. నేను పరిచయం చెయ్యకపోయినా బందరులో పిల్లల్ని పెంచిన వాళ్ళకి అక్క తెలుసు. పార్కులో రంగులరాట్నం స్విచ్ దగ్గర కూర్చునేది. మొదట్లో భర్త నడిపేవారు. ఆయన పోయాక ఆ కుర్చీలో తను కూర్చుంది.

చెక్క గుర్రాలు. వాటి మెడల్లో మన చిలకలపూడి గిల్టు గొలుసులు. పాలిష్ సరిగ్గా కుదరనివి షాపుల వాళ్ళని అడిగి తెచ్చి వేసేది. "పెళ్ళికూతుళ్ళకేనా నగలు?" అనేది.

ఇంకో అలవాటు. రోజూ మొదటి రౌండులో పిల్లల్ని ఎక్కనిచ్చేది కాదు. టికెట్ల అతన్ని స్విచ్ వెయ్యమని, తనే ఒక గుర్రం ఎక్కి తిరిగేది.

"పడితే ముందు పెద్దవాళ్ళం పడాలి, పద్మా."

తర్వాత ఆ పార్కు మూసేస్తున్నామన్నారు. రాట్నాన్ని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేద్దామనుకున్నారు.

అందరం ఒకటే మాట. ఇంక రెస్ట్ తీసుకో అక్కా అని.

"రాట్నం లేకపోతే పొద్దున లేచి నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు" అంది.



అవనిగడ్డలో కొత్తగా ఒక ప్రైవేటు పార్కు పెట్టారని విని, బస్సెక్కి వెళ్ళి ఓనరుతో మాట్లాడి వచ్చింది. ఆయన తీసుకుంటానన్నారు. రాట్నంతో పాటు అక్కని కూడా. ఒక్కటే కండిషన్. దసరా సెలవులు మొదలయ్యే రోజుకి అది తిరగాలి. లేకపోతే ఆ స్థలంలో గాలి కొట్టి నిలబెట్టే రబ్బరు జారుడుబండ పెట్టేస్తారు.

విప్పే పని దగ్గర నన్ను నిలబెట్టింది. "మీ ఇంట్లో పోపుల డబ్బా కూడా అంగుళం జరగదు. ఈ పని నీదే."

ఇంట్లో పాత చీరలన్నీ తీశాను. ఒక్కో గుర్రానికీ, దాని రాడ్డుకీ, దాని బోల్టుల మూటకీ ఒకే చీర ముక్కలు కట్టాను. ఆకుపచ్చ నేత చీర గుర్రం, నెమలి అంచు గుర్రం, నా పెళ్ళిచూపుల చీర గుర్రం. అక్కడ బిగించేటప్పుడు ఒక్క బోల్టు కోసం కూడా ఎవరూ వెతుక్కోలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నా.

లారీలో ఎక్కించాక పట్టా కప్పబోతే అక్క ఒప్పుకోలేదు.

"మొహాలు కప్పకండి. ఊరు దాటేదాకా పిల్లలు చూసుకోవాలి."

అలాగే తలలు బయటపెట్టి చల్లపల్లి మీదుగా తీసుకెళ్ళాం. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే, వెనక బస్సులో జనం కిటికీల్లోంచి చేతులూపారు. అక్క లారీ ముందు సీట్లోంచి తిరిగి చెయ్యి ఊపింది, పెళ్ళివారిలా.

సెలవుల మొదటి రోజు. చుట్టూ జనం. అక్క మొదటి రౌండుకి నన్ను తోసింది.

"నువ్వెక్కు. ఇవాళ స్విచ్ దగ్గర నేనుండాలి."

చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కాను. స్విచ్ వేసింది.

గుర్రాలు వెనక్కి నడిచాయి!

బందరులో ఆ రాట్నం గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే వైపు తిరిగేది. గుర్రాల మొహాలూ అటే. ఇక్కడ రివర్స్. తోకలు ముందు, తలలు వెనక. మధ్యలో నేను, అవనిగడ్డ మొత్తం చూస్తుండగా.

"అక్కా, ఆపు!"

"పడ్డావా?"

"లేదు!"

"అయితే గట్టిగా పట్టుకో. ఆగుతోంది."

ఆగేలోపే జనంలోంచి ఒక పెద్దాయన, "అప్రదక్షిణం తిరుగుతోందయ్యా. మొదటి రోజే అపశకునం. వచ్చిన దారినే పంపించెయ్" అన్నారు.

ఓనరు గారి మొహం మాడిపోయింది. "నాకెందుకమ్మా ఈ గొడవ? విప్పేసి తీసుకెళ్ళండి" అన్నారు.

మోటారు వైర్లు అటుదిటు పడ్డాయి సార్, మార్చేస్తే సరి అని ఎలక్ట్రీషియన్ చెప్తూనే ఉన్నాడు. ఎవరూ వినిపించుకోవట్లేదు.

అక్క కుర్చీలోంచి లేచి ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

"బాబాయి గారూ, మీరు గుడి చుట్టూ అటు తిరుగుతారు. మావాళ్ళు మక్కాలో కాబా చుట్టూ ఇటు తిరుగుతారు. పైవాడికి రెండు వైపులూ ఇష్టమేనండీ. పట్టింపంతా గుర్రానికే. దాని మొహం ఎటుంటే అటే వెళ్తానంటుంది. అటు తిప్పుతాం, కాసేపు ఆగండి."

ఆయన అక్కనే చూశారు. తర్వాత పకపకా నవ్వేశారు.

"సరేలేమ్మా, గుర్రం మాటే కానియ్."

వైర్లు మార్చారు. నేను మళ్ళీ ఎక్కాను. ఈసారి తలలు ముందు. నేను దిగగానే మొదట ఎక్కింది ఆ పెద్దాయన మనవరాలే.

జారుడుబండ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పట్నుంచీ చిలకలపూడి నుంచి అవనిగడ్డకి రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. మోకాళ్ళ నొప్పులంటే ఒప్పుకునేది. మానెయ్ అంటే మాత్రం కాదు.

నిన్న ఓనరు గారు వచ్చారు. "మీ అమ్మగారి గౌరవార్థం రేపు రాట్నం ఆపేస్తామమ్మా" అని నస్రీన్‌తో అన్నారు.

నస్రీన్ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆపకండి సార్. అది ఆగకూడదనే కదా అమ్మ అంత దూరం తీసుకెళ్ళింది."

ఇందాక ఆయనకి ఫోన్ చేశాను. పిల్లల గోలలో ఆయన మాట నాకు సరిగ్గా వినపడలేదు. తిరుగుతోందని అర్థమైంది, పెట్టేశాను.

ఇంక నిశ్చింతగా వెళ్ళు అక్కా. అల్లా నిన్ను చల్లని నీడలో కూర్చోబెట్టాలి.