ఉతకని ఎర్రమన్ను

నా చిన్నప్పుడు తెల్లబట్ట మీద చిన్న మరక కనిపించినా మా అమ్మకు ఒళ్ళు మండిపోయేది. డెబ్బైల చివర్లో ఆమె షార్జాలో ఆసుపత్రి నర్సు. రోలా పేటలోని మా ఒంటిగదిలో తన యూనిఫారానికీ నా స్కూలు చొక్కాకూ గంజి పెట్టి ఇస్త్రీ చేశాకే పొయ్యి వెలిగించేది.

ఆమె వార్డులో ఒక అరబ్బు ముసలాయన ఉండేవాడు. కుర్రతనంలో ఒక దీవిలోని ఇనుపరాతి గనిలో ఎర్రమన్ను తవ్వాడట. ఓడలకు వేసే రంగు కోసం ఆ మన్ను పరదేశాలకు పోయేదట. తవ్వించినవాళ్ళు తర్వాత గనిని వదిలేసి వెళ్ళిపోయారు. అక్కడే ఆయన చూపుడువేలు పోయింది, అన్న కూడా పోయాడు. అమ్మ చెప్పిన ఈ సంగతే నేను స్కూల్లో, ఆ దేశం అంతకుముందు ఎలా బతికేదో చెప్పే 'చమురుకు ముందు' అనే వ్యాసంలో రాశాను. పాఠ్యపుస్తకంలో ముత్యాలూ ఖర్జూరాలే ఉన్నాయి, గని ఊసే లేదు కనుక నేను అబద్ధం రాశానని టీచరమ్మ తేల్చింది. శనివారం క్లాసు ముందు క్షమాపణ చెప్పాలంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. అక్కడ శుక్రవారం సెలవైనా అమ్మ స్కూలు చొక్కా తొడుక్కోమంది. అప్పటికి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన ముసలాయన, అమ్మ అడిగితే తన కొడుకు లాంచీలో మమ్మల్ని ఆ దీవికి తీసుకెళ్ళాడు. కొండ పక్కన ఎర్రటి గొయ్యి, సగం పూడిన సొరంగం, తుప్పు పట్టిన పట్టాలు. ఆయన దగ్గుతూ సొరంగం గోడను నిమిరి, తనకొచ్చిన హిందీలో "మేరా భాయీ ఇధర్ ఖలాస్" అన్నాడు, అన్న ప్రాణం ఇక్కడే పోయిందని. నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది.

అమ్మ ఎర్రమన్ను తడిపి ఆయన అరచేతికి పూసి, నా వీపు మీద అద్దమంది. నేను బిత్తరపోయాను.

"ఉతుకుతావా అమ్మా?"

"ఉతకనంటే ఉతకను. రేపు ఇదే ఏసుకెళ్ళు. జరిగిందే రాశావు, నువ్వెందుకే క్షమాపణ చెప్పడం?"

శనివారం టీచరమ్మ పిలవగానే బోర్డు దగ్గరికెళ్ళి, క్లాసుకు వీపు చూపించి నిలబడ్డాను. బొటనవేలు, పక్కన ఖాళీ, ఆపైన మూడు వేళ్ళు. "ఆ వేలు గనిలో పోయింది మేడమ్" అన్నాను. బెల్లు కొట్టేదాకా నన్ను బయట నిలబెట్టారు. వ్యాసానికి మార్కులూ రాలేదు.

ఆ చొక్కాను అమ్మ బతికినన్నాళ్ళూ ఉతకలేదు, తర్వాత నేనూ ఉతకలేదు. కాగితం మీద లేదు కాబట్టి జరగలేదని ఎవరైనా అంటే, నడుం వంగుతున్న ఈ వయసులోనూ నా వీపు నిటారుగా అవుతుంది. క్షమాపణ మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.