సుగుణమ్మ టీచరు వేలు

"వేలిముద్ర వేస్తే పనైపోయె కదక్కా! చదివేదానికి రాదు, ఇంకెందుకు ఈ పిడివాదం?"

"వేలిముద్రా? నాకా? ఈ వీధిలో ఆడోళ్లకి సంతకం నేర్పింది ఎవుర్రా? నీ పెండ్లానికి నేర్పింది ఎవురు?"

"అదంతా ఆ పొద్దు. బడి మేనేజరు పంపించిన గుమాస్తా ఎంతసేపని ఈడ నిలబడి ఉంటాడు?"

"నిలబడనీ. బళ్లో పిలకాయల్ని ఎండలో నిలబెడతారు కదా, కాళ్లనొప్పి ఎట్టుంటుందో తెలిసిరానీ."

మొన్న బ్యాంకులో నా ముందున్న ఆవిడ బొటనవేలికి సిరా అద్దుతుంటే ఆ వాసనకు నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో వరుసలో ఉన్నవాళ్లకు తెలియదు. మీకు చెబుతాను.

వేలిముద్ర వేయనన్న ఆ అక్క సుగుణమ్మ టీచరు. తమ్ముడు కుప్పుస్వామి. వాషర్‌మెన్‌పేటలో ఒకే ఇంట్లో వాళ్లదొక వాటా, మాదొక వాటా. చెన్నపట్నం మనకు రాదని తేలిపోయిన కొత్త రోజులవి. వీధి చివర తెలుగు బడిలో ఆమె చిన్న తరగతులకు చెప్పేది. పలక మీద పెద్ద అక్షరం రాసి, మా వేలు పట్టుకుని దాని మీదే పదిసార్లు దిద్దించేది. "కండ్లు మరిచిపోతాయే, వేలు మరిచిపోదు" అనేది. అరిగిపోయిన బలపాన్ని పారేయనిచ్చేది కాదు. కాగితపు గొట్టంలో గుచ్చి రాయించేది. ఇవాళ మా ఇంట్లో ఎవరైనా సబ్బుముక్క పారేస్తే నేను వేసే కేకలు అక్కడ నేర్చుకున్నవే.

ఒకనాడు తరగతిలోనే తల పట్టుకుని కూలబడింది. పెద్దాసుపత్రి నుంచి పదిహేను రోజులకు తిరిగి వచ్చింది. నడక బాగుంది, మాట బాగుంది, చెయ్యి బాగుంది. వచ్చిన రోజే నెల్లూరులో ఉన్న పెద్దమ్మకు ఒక కార్డు రాసింది. ఒక్క కొట్టివేత లేదు. "ఏం రాసినారు టీచరమ్మా, రవ్వంత చదవండి" అంది మా అమ్మ. ఆమె కార్డును దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. "ఇది నా రాతేనా? ఏ దేశపు రాత ఇది?" అంది. అప్పుడు ఆమె ముఖం చూసి నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

తల వెనకభాగానికి రక్తం అందక దెబ్బతిన్నదనీ, కన్ను అక్షరాన్ని చూస్తున్నా లోపల అది మాటగా మారడం లేదనీ, రాసే దారి వేరు కాబట్టి అది మిగిలిందనీ డాక్టరు చెప్పాడు. అంత తేటగా చెప్పినా మా వీధికి ఎక్కలేదు. "రాసేదానికి వచ్చునంట, చదివేదానికి రాదంట! రొంబ బాగుండాది నాటకం!" అని కొళాయి దగ్గర నవ్వుకున్నారు. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమని ఎవరూ అనరు. తలలోపల తగిలిన దెబ్బ పైకి కనబడదు కాబట్టి అది అబద్ధమట! నవ్వినవాళ్లలో సగంమందికి పేరు రాయడం నేర్పింది ఆమే.

ఒక మధ్యాహ్నం నా పలక ఆమె ముందు పెట్టి "ఇదేంది టీచరమ్మా?" అన్నాను. "తెలీదే" అంది. నాకు కోపం వచ్చింది. నాకు రానప్పుడు ఆమె ఏం చేసేదో అదే చేశాను. ఆమె వేలు పట్టుకుని అక్షరం మీద తిప్పాను. వేలు సగం తిరిగేసరికి "మ" అంది. "ఇంకోటి పెట్టు" అంది. ఆ పూటంతా పెడుతూనే ఉన్నాను. వారం రోజుల్లో అరచేతిలో వేలితో గీసుకుంటూ పంక్తి చదవగలిగింది. నత్తనడకే, అయినా చదువే.

ఈ సంగతి తెలియని గుమాస్తా ఆనాడు కాగితమూ సిరాపెట్టే పట్టుకుని వచ్చాడు. తమ్ముడు చెయ్యి పట్టుకోబోతే ఆమె విదిలించుకుని కాగితం ఒళ్లో పెట్టుకుంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి దిద్దడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా, ఒకటో క్లాసు పిల్ల మాదిరి!" అని గుమాస్తా నవ్వాడు.

ఆమె తలెత్తలేదు. చాలాసేపు పట్టింది. "ఆరోగ్యం... బాగులేక... నా ఇష్టపూర్తిగా... ఉద్యోగం మానుకుంటా ఉండాను." అప్పుడు తమ్ముణ్ణి చూసింది. "ఇష్టపూర్తిగానంట. ఎవురి ఇష్టం కుప్పుస్వామీ?"

అతను గోడను చూశాడు. ఆమె కలం అడిగి తీసుకుని, ఆ పంక్తి కిందే 'నేను మానను' అని రాసి, సంతకం చేసి గుమాస్తాకు ఇచ్చింది.

నేను బడికి పోయింది కొన్నాళ్లే. అయినా ఈనాటికీ ఏ కాగితం మీదా పూర్తిగా చదవకుండా సంతకం పెట్టను. మా అల్లుడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. నిదానంగా చదివే మనిషిని చూసి ఎవరైనా నవ్వితే మాత్రం నేను ఊరుకోను.

గుమాస్తా వచ్చి పోయిన మరునాడు పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని బడికి వచ్చింది. ఆమె కుర్చీలో కుప్పుస్వామి బావమరిది కూర్చుని ఉన్నాడు, పని వెతుక్కుంటూ వచ్చి పది రోజులుగా వాళ్లింట్లోనే తింటున్న మనిషి. ఆమె అతన్ని పలకరించలేదు. బోర్డు మీద ఆనాటి పాఠం రాసి మమ్మల్ని చదవమంది. మేము గట్టిగా చదివాం. మా గొంతులు విని రెండు తప్పులు సరిచేసింది. మేనేజరు గుమ్మంలోకి వచ్చి, "చాలమ్మా, ఇంటికి పొండి" అన్నాడు. ఆమె ఆఖరి పంక్తి దాకా చదివించి, చేతులు దులుపుకుని బయటికి నడిచింది. నేను పలక తీసుకుని ఆమె వెనకే నడిచాను. మళ్లీ ఆ బడికి పోలేదు.