చవక ఇయర్‌ఫోన్లలో మా వీణ

మా ఇంటి వీణను అమ్మే ముందు అక్కయ్య చివరిసారి వాయిస్తే ఫోన్లో రికార్డు చేసుకున్నాను. సామర్లకోట నుంచి రాజమహేంద్రవరం వెళ్లే రైల్లో, ప్లాట్‌ఫారం మీద కొన్న చవక ఇయర్‌ఫోన్లతో విన్నాను.

"వీణా, డప్పా ఇది!" అని పైకే అనేశాను.

"వాటికి బేస్ ఎక్కువండి. ఏమనుకోకపోతే ఫోనుతో సహా ఓసారి ఇలా ఇస్తారా?" అన్నారు ఎదుటి సీట్లోని ఆవిడ.

ఒకరి సాయం తీసుకునే అలవాటు లేని ఇల్లు మాది. అయినా ఇచ్చాను. ఆవిడ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని, ఫోన్లోని ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించి, మధ్య స్థాయిలు కాస్త పెంచి తిరిగి ఇచ్చారు. తీగ మీద అక్కయ్య వేలు జారడం కూడా వినిపించింది.

"ఎంత బాగుందండీ! మీ వీణేనా?" అన్నారావిడ.

"మాదేనండి."

పరాయి ఇంట్లో ఉన్న వీణను అలా అన్నా అబద్ధమనిపించలేదు. ద్వారపూడిలో ఆవిడ దిగుతుంటే లేచి నిలబడి నమస్కరించాను.